తీర్పు దినం నాటకం చూడబోయి: మామయ్యగారితో ఇల్లినాయ్ ప్రయాణం

మా మామయ్యగారు గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయనకి ప్రాణమైనదీ, విద్యార్థులకి గుండెదడ తెప్పించేదీ ఒకటే పేపరు, మధ్యయుగాల ఇంగ్లీషు సాహిత్యం. ఆ కాలపు ఇంగ్లండులో పద్యమైనా, కథైనా, నాటకమైనా చర్చి నీడ దాటి దూరం పోయేది కాదని చెప్పేవారు. పాపమంటే ఏమిటో, పశ్చాత్తాపమంటే ఏమిటో, చనిపోయాక దేవుడి ముందు నిలబడి ఏం జవాబు చెప్పుకోవాలో చదువురాని జనానికి నాటకాలు ఆడి చూపించేవారట. వడ్రంగులు, రొట్టెలు కాల్చేవాళ్ళు, పడవలు చేసేవాళ్ళు, ఇలా ఒక్కో వృత్తివాళ్ళు ఒక్కో ఘట్టాన్ని తీసుకుని, చక్రాల బండి మీద వేదిక కట్టి, వీధివీధికీ తిప్పుతూ ఆడేవారట. పొద్దున్నే సంధ్యావందనం చేసుకుని, కాలేజీకి వెళ్ళి, క్రైస్తవుల ఏడు మహాపాపాల గురించి గంటసేపు చెప్పి వచ్చే మనిషి ఆయన. కానీ అలాంటి నాటకం ఒక్కటీ కళ్ళతో చూడలేదు.

ఎనభైల మధ్యలో, అత్తయ్యగారు పోయిన రెండేళ్ళకి, ఆర్నెల్లు ఉండి వెళ్దామని ఆయన షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. రోజూ లైబ్రరీకి నడిచి వెళ్ళేవారు. ఏప్రిల్ చివర్లో ఒకనాడు అక్కడి నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూసి, దాన్ని అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్‌లో రాసుకుని వచ్చారు. మాకు నూట ముప్పై మైళ్ళ దూరంలో, మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న ఒక చిన్న కాలేజీ ఊళ్ళో, మే నెల రెండో శనివారం, సృష్టి మొదలు తీర్పు దినం దాకా పాత నాటకాలు బండ్ల మీద ఆడతారట. టికెట్ మూడు డాలర్లు. నేపర్‌విల్ నుంచి ఆ ఊరికి రైలు లేదు కాబట్టి కార్లోనే వెళ్ళాలి. మావారు తీసుకువెళ్తానన్నారు. తీరా శుక్రవారం సాయంత్రం ఫోన్ పెట్టేసి, “సారీ, రేపు నేను హాస్పిటల్ కవర్ చేయాలి. క్యాన్సిల్ చేసేద్దామా?” అన్నారు. మామయ్యగారు చేతిలో ఉన్న నోటుబుక్ మూసి జేబులో పెట్టుకున్నారు. అది చూడలేక, “నేను డ్రైవ్ చేస్తానులెండి” అన్నాను. అనేశాక గానీ గుర్తు రాలేదు. నాకు లైసెన్స్ వచ్చి నాలుగు నెలలే అయింది. ఇంటర్‌స్టేట్ హైవే మీద ఒంటరిగా నడిపింది లేదు. పైగా నాకు మామయ్యగారంటేనే భయం. నా మాటలో తప్పు దొర్లితే దిద్దకుండా వదిలే మనిషి కారు.

శనివారం ఏడున్నరకి బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో కాఫీ కట్టుకున్నాను. జోలియట్ దగ్గర ఇంటర్‌స్టేట్ యాభై ఐదు ఎక్కి దక్షిణంగా పోవాలి. ఆ రోజుల్లో స్పీడ్ లిమిట్ కూడా యాభై ఐదే కానీ, పద్దెనిమిది చక్రాల ట్రక్కులకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక్కో ట్రక్కు పక్కనుంచి దాటినప్పుడల్లా దాని గాలి మా పాత స్టేషన్ వాగన్ కారుని అటు లాగి, తర్వాత ఇటు తోసేది. స్టీరింగ్ ఎంత గట్టిగా పట్టుకున్నానంటే పాంటియాక్ ఊరు దాటేసరికి వేళ్ళు విడదీస్తే నొప్పి పుట్టింది. మామయ్యగారు ఒక చేత్తో తలుపు పిడి పట్టుకుని, రెండో చేత్తో ఒళ్ళో నోటుబుక్ తెరిచి ఉంచుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా కూర్చున్నారు. ఆయనకీ భయం వేస్తోందని నాకప్పుడు తట్టలేదు.

బ్లూమింగ్టన్‌కి ముందు గ్యాస్ కోసం, అంటే పెట్రోలు కోసం, ఆగాం. గాలన్ డాలరు పైచిలుకు. గ్యాస్ కొట్టిన ముసలాయన అద్దం తుడుస్తూ నైరుతి వైపు చూసి, “దూరం వెళ్తున్నారా? రేడియో పెట్టుకోండి. సాయంత్రం దాకా టోర్నడో వాచ్ ఉంది” అన్నాడు. టోర్నడో అంటే సుడిగాలి అని తెలుసు, వాచ్ అంటే ఏమిటని అడిగాను. “రావచ్చు అని. అదే వార్నింగ్ అన్నారనుకోండి, ఎవరో కళ్ళారా చూశారన్న మాట. అప్పుడు ఇలా నిలబడి నాతో మాట్లాడకండి” అన్నాడు. కార్లోకి వచ్చి మామయ్యగారికి చెప్పాను. ఆయన, “నీకు భయంగా ఉంటే వెనక్కి పోదాం అమ్మాయ్” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే వెనక్కి తిప్పేదాన్నేమో. తలకి మించిన పని నెత్తిన వేసుకున్నానని తెలిసి కూడా ముందుకే పోనిచ్చాను. బ్లూమింగ్టన్ దాటాక ఇంటర్‌స్టేట్ దిగి, పడమటికి పోయే రెండు లేన్ల రోడ్డు మీద ఇంకో పాతిక మైళ్ళు వెళ్తే ఆ ఊరు వచ్చింది. పదిన్నర అయింది.

ఊరంతా కలిపి ఒకటే పెద్ద వీధి. చివర రాతి చర్చి, దాని ముందు పచ్చిక. మొత్తం ఆరు బండ్లు. వేషాలు కట్టినవాళ్ళలో సగం మంది కాలేజీవాళ్ళు, సగం మంది ఊరివాళ్ళు. మొదటి బండి మీద సృష్టి అయింది. రెండో దాని మీద, వెనకటికి పడవల పనివాళ్ళు ఆడినట్టే, ఊరి వడ్రంగులు జలప్రళయం ఆడారు. ఏ దేవుడి కథైనా వాళ్ళ ఇంట్లోనే జరుగుతున్నట్టు ఆడడం నాకు ఆశ్చర్యం అనిపించింది. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటారు, గొర్రెల కాపరులు చలికి తిట్టుకుంటారు, జనం పడీపడీ నవ్వుతారు, ఆ నవ్వు ఆగకముందే ఎవరో ఒకరు పాపం చేసి నేల మీద పడి ఉంటారు. మామయ్యగారు నా చెవి దగ్గరకి వంగి, “చూశావా? నవ్వించి, మనిషి తలుపు తీశాక భయాన్ని లోపలికి పంపుతారు. ముప్పై ఏళ్ళు ఈ మాట చెప్పాను. ఇవాళే అర్థమైంది” అన్నారు. ఆయన నాతో పాఠంలా కాకుండా మామూలుగా మాట్లాడడం అదే మొదటిసారి.

ఒంటిగంటకి భోజనాల విరామం. చర్చి కింద బేస్‌మెంట్‌లో వంటగది ఉంది. డొరతీ అనే పెద్దావిడ అక్కడ చికెన్, బంగాళాదుంప కూర, ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి పై వడ్డిస్తోంది. మా పులిహోర డబ్బా చూసి, “మా వంట మీద నమ్మకం లేదా?” అని నవ్వింది. మాంసం తినమని చెప్పాను. “అయితే ఆపిల్ పై తినండి. అందులో పాపమేమీ లేదు, కొంచెం వెన్న తప్ప” అని రెండు ముక్కలు పెట్టింది, డబ్బులు తీసుకోలేదు. తిరిగి పైకి వచ్చేసరికి ఉక్కపోత పెరిగింది. అప్పటిదాకా అరుస్తున్న పిట్టలు ఆగిపోయాయి. నైరుతి మూల ఆకాశం, దెబ్బ తగిలిన చోట చర్మం కమిలినట్టు, పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంది. ఊరివాళ్ళు మధ్యమధ్యలో అటే చూస్తున్నారు, కానీ ఎవరూ కదల్లేదు. వాళ్ళు కదల్లేదు కదా అని నేనూ ధైర్యం తెచ్చుకున్నాను.

మూడు గంటలకి చివరి బండి, తీర్పు దినం. ఒక పక్క నరకం నోరు. చెక్కతో చేసిన పెద్ద దవడ, లోపల ఎర్రగుడ్డలు, పొగ. మొహానికి మసి పూసుకుని, కొమ్ములు పెట్టుకున్న ఒక ఆజానుబాహుడు దాని ముందు నిలబడి, జనంలో ఒక్కొక్కరి వంకా వేలు చూపిస్తున్నాడు. పై అంతస్తులో బంగారు ముసుగు వేసుకుని న్యాయం చెప్పే దేవుడు. నేను హత్యలు, దొంగతనాల గురించి అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగినవన్నీ చిన్న విషయాలు. మీ గుమ్మంలోకి వచ్చినవాడికి మీరేం చేశారు? చూశారా, చూడనట్టు ఊరుకున్నారా? జవాబు చెప్పలేనివాళ్ళని ఆ కొమ్ములవాడు ఒక్కొక్కరినే పొగలోకి లాక్కుపోతున్నాడు. చిన్నపిల్లలు తల్లుల గౌన్లలో మొహాలు దాచుకున్నారు. పక్కకి చూస్తే మామయ్యగారు ఆ ప్రశ్నలకి తనలో తను ఏదో జవాబు చెప్పుకుంటున్నారు. చెయ్యి పట్టుకున్నాను. 

అప్పుడే సైరన్ మోగింది. నాటకంలో భాగమేమో అనుకున్నాను ఒక్క క్షణం. బంగారు ముసుగాయన ముసుగు లాగేసి, “అందరూ చర్చి బేస్‌మెంట్‌లోకి! ఇప్పుడే!” అని అరిచేసరికి తెలిసింది. నైరుతి మూల నల్లటి మబ్బు కింది భాగం నేల దాకా దిగి ఉంది. దాని చుట్టూ ఏవో ముక్కలు తిరుగుతున్నాయి. చప్పుడు తర్వాత వచ్చింది, గూడ్సు రైలు పొలాల్లోంచి మన మీదికే వస్తున్నట్టు. నేను పరుగెత్తాను. చర్చి తలుపు దగ్గరకి చేరాక గానీ నా చేతిలో మామయ్యగారి చెయ్యి లేదని తెలియలేదు. వదిలేశాను. ఎప్పుడు వదిలానో తెలియదు. వెనక్కి తిరిగితే, ముప్పై గజాల దూరంలో, ఖాళీ అయిన పచ్చిక మీద, ఆ నరకం నోటికి ఎదురుగా ఆయనొక్కరే కదలకుండా నిలబడి ఉన్నారు. వెళ్ళి తీసుకురావాలి. కానీ తలుపు చెక్క పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాను. అంతలో ఆ మసి పూసుకున్న కొమ్ములవాడు బండి మీంచి దూకి, మామయ్యగారి నడుం చుట్టూ చెయ్యి వేసి, దాదాపు ఎత్తుకున్నట్టు పరుగెత్తుకొచ్చాడు. “మెట్లు నెమ్మదిగా సార్, నేను పట్టుకున్నాను” అంటున్నాడు. అతని పేరు హాంక్ అనీ, ఊళ్ళో విత్తనాలు అమ్ముతాడనీ తర్వాత తెలిసింది.

బేస్‌మెంట్‌లో నూట యాభై మందిమి గోడలకి ఆనుకుని, తలలు మోకాళ్ళలో పెట్టుకుని కూర్చున్నాం. దేవదూతల రెక్కలు తలుపులో పట్టక పీకి పారేశారు, ఈకలు మెట్ల మీదంతా పడి ఉన్నాయి. దీపాలు ఆరిపోయాయి. డొరతీ టార్చి వెలిగించి, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో పేరుపేరునా పిలుస్తోంది. పైన కిటికీ అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి పగులుతున్నాయి. చెవులు బిగుసుకుపోయాయి. పిల్లల ఏడుపు కూడా ఎక్కడో దూరాన్నుంచి వినిపించినట్టు ఉంది. ఇక పైకప్పు ఎగిరిపోతుంది, ఆ తర్వాత మేమే అనుకున్నాను. అప్పుడు మామయ్యగారు నా భుజం పట్టుకున్నారు.

“అమ్మాయ్, నేనొక మాట చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి.”

“తర్వాత చెబుదురుగాని మామయ్యగారూ, తల వంచుకోండి.”

“తర్వాతనేది ఉంటుందో లేదో” అని మొదలుపెట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళకి మా భాష రాదు. ఆ గోలలో నాకు కూడా సగం, టార్చి వెలుగులో పెదవుల కదలికని బట్టే తెలిసింది. ఇరవై ఏళ్ళ కిందట ఆయన క్లాసులో సుగుణ అనే అమ్మాయి ఉండేదట. పల్లెటూరి పాస్టరు గారి కూతురు. ఒకరోజు ఆయన, నరకం భయంతోనే ఆ కాలపు జనం పాపాలు ఒప్పుకునేవారని చెబుతుంటే ఆ అమ్మాయి లేచి, “భయపడి చెప్పేది సగం పశ్చాత్తాపమేనండి మాస్టారూ. చేసినదానికి దుఃఖపడి చెప్పేదే అసలైనదంటారు మా నాన్నగారు” అందట.

“ఆ పిల్ల చెప్పింది నిజమమ్మా. ఆ పాత పుస్తకాల్లో అదే ఉంది. నేనప్పటికి అంతదూరం చదవలేదు. క్లాసంతా నన్ను చూసి నవ్వింది. ఆ ఏడు వాళ్ళమ్మకి జబ్బు చేసి రెండు నెలలు రాలేకపోయింది. అటెండెన్స్ తక్కువైంది, సంతకం పెట్టమని కాగితం పట్టుకుని మా ఇంటి గుమ్మంలో నిలబడింది. రూల్సు ఒప్పుకోవన్నాను. ఆ ఏడే నలుగురు మగపిల్లలకి పెట్టాను సంతకం. ఆ పిల్లకి పెట్టలేదు. ఆ సంతకం లేక పరీక్షకి కూర్చోలేకపోయింది, మళ్ళీ కాలేజీకి రాలేదు.”

ఆయన నా చెవి దగ్గరకి ఇంకా జరిగారు. “పదేళ్ళ తర్వాత తెనాలి బస్టాండ్‌లో కనపడింది. నమస్కారం మాస్టారూ, బాగున్నారా అంది. నేను ఎవరో తెలియనట్టు అటు తిరిగి బస్సుల బోర్డు చదువుతూ నిలబడ్డాను. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు ఇది.”

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఈసారి వదల్లేదు. నా సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

పావుగంట తర్వాత చప్పుడు తగ్గింది. ఇంకో అరగంటకి పైకి వచ్చాం. సుడిగాలి మైలు దూరంలోంచి పోయిందట. ఒక కొట్టం, ధాన్యం నిలవచేసే పెద్ద రేకు గాదె ఒకటి లేకుండా పోయాయి. బండ్లు నాలుగు తిరగబడ్డాయి. మనుషులకేమీ కాలేదు. మా కారు అద్దం ఒకటి పగిలింది. చర్చి ఫోన్ పనిచెయ్యలేదు, మావారికి కబురు చెప్పే దారి లేదు. హాంక్ పగిలిన అద్దానికి ప్లాస్టిక్ కాగితం అంటించి, “మామగారు బాగానే ఉన్నారా? నన్ను చూసి భయపడ్డారేమో” అన్నాడు. మొహం మీద మసి ఇంకా అలాగే ఉంది. మామయ్యగారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషికి ఒక్క ఇంగ్లీషు మాట రాలేదు.

ఐదింటికి బయల్దేరాం. వర్షంలో రోడ్డు సరిగా కనపడక పాంటియాక్ దగ్గర రెస్ట్ ఏరియాలో ఆగాను. ఫ్లాస్కులో మిగిలిన కాఫీ కప్పులో పోసి ఆయనకి ఇచ్చాను. ఇక దాచలేకపోయాను.

“మామయ్యగారూ, సైరన్ మోగినప్పుడు నేను మీ చెయ్యి వదిలేసి పరుగెత్తాను. తలుపు దగ్గర నిలబడి మిమ్మల్ని చూశాను. మీ కోసం వెనక్కి రాలేదు.”

ఆయన కప్పు కింద పెట్టారు. “తెలుసు. నువ్వు నిలబడ్డం నాకు కనపడుతూనే ఉంది” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. “నువ్వు లోపలికి పోకుండా ఆగి చూశావమ్మా. నేను ఆ బస్టాండ్‌లో అది కూడా చెయ్యలేదు. ఇప్పుడు నా బాధ వేరే. నేను చెప్పింది గాలికి భయపడి. ఆ పిల్ల లెక్కన అది సగమే. భయం పోయాక కూడా ఆ మాట నా నోట వస్తుందో లేదో చూడాలి.”

ఎనిమిదింటికి ఇల్లు చేరాం. మావారు హాస్పిటల్ తెల్లకోటు కూడా తియ్యకుండా వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆ తర్వాత మిగిలిన మూడు నెలల్లో మామయ్యగారు సుగుణ పేరు ఎత్తలేదు. నేనూ అడగలేదు. భయం పోయింది కదా, మాట కూడా పోయిందేమో అనుకున్నాను. ఆయన ఇండియా వెళ్ళిన రెండు నెలలకి నా పేరున ఒక ఏరోగ్రామ్ వచ్చింది. అంతకుముందు ఆయన ఉత్తరాలన్నీ కొడుక్కే. సుగుణ బాపట్ల వైపు ఒక మిషన్ హాస్టల్లో పిల్లల్ని చూసుకుంటోందని కనుక్కుని వెళ్ళారట. ఉత్తరంలో ఇలా ఉంది: “నేను చేసింది పూర్తిగా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. చివర్న, ఉద్యోగం కాగితాల్లో చదువు అని ఉన్నచోట సగంలో ఆగిందని రాసినప్పుడల్లా మీరు గుర్తొచ్చేవారండీ మాస్టారూ అంది. తర్వాత టీ ఇచ్చింది. క్షమించిందో లేదో తెలియదు. నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందని అనిపించలేదు.”

ఐదారు వందల ఏళ్ళ కిందటి మాటలు ఇప్పటి మనకెందుకని చాలామంది అడుగుతారు. నేనూ అలా అనుకున్నదాన్నే. మన దేవుడు కాదు, మన భాష కాదు, మన దేశం కూడా కాదు. కానీ ఆ నాటకాలు రాసినవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. మనిషి పెద్ద పాపాల గురించి కాదు, ఒకరి వైపు తిరగవలసినచోట తిరగని ఆ ఒక్క క్షణం గురించే జీవితమంతా లోలోపల వణుకుతూ ఉంటాడు. ఇప్పటికీ పెద్ద గాలి వీస్తే నాకు ముందు నా అరచెయ్యి ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యి పట్టుకుంటాను. ఇలాంటి బండ్ల నాటకాలు ఇప్పుడూ కొన్ని కాలేజీ ఊళ్ళలో వసంతకాలంలో వేస్తుంటారు. వీలుంటే పెద్దవాళ్ళని తీసుకుని వెళ్ళండి. ఒక్కటే సలహా: చేరగానే టికెట్ కన్నా ముందు, బేస్‌మెంట్‌కి దారి ఎటో అడగండి. ఒకసారి మెట్లు దిగి, మీతో వచ్చినవాళ్ళు ఎంత సేపట్లో దిగగలరో చూసుకోండి.